మరకలు తీసే చెయ్యి

ఆ వానాకాలం మా ఇంట్లో బట్టలు ఆరలేదు, మా వదిన కోపం చల్లారలేదు. రెండింటి మధ్యా నలిగి చచ్చింది నేను.

మాది లాండ్రీ. కింద షాపు, పైన ఇల్లు. వదినంటే మా ఆయనకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది, షాపునీ అలాగే పెంచింది. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం ఎవరైనా చేస్తారు, మరకలు తీయడం మాత్రం వదినే చెయ్యాలి. కాఫీ కానీ, సిరా కానీ, గ్రీజు కానీ, కిటికీ పక్కన బల్ల మీద బట్ట పరిచి, కింద మెత్తటి గుడ్డ పెట్టి, అంచు నుంచి మధ్యకి అద్దుకుంటూ వచ్చేది. మధ్య నుంచి బయటికి తుడిస్తే వలయం పడుతుందట. వలయం పడిన బట్ట షాపు గడప దాటిందంటే ఆ రోజు ఆవిడకి తిండి సహించేది కాదు.

అలాంటి మనిషికి చెయ్యి వణకడం మొదలైంది. వయసుతో వచ్చే వణుకే, ప్రమాదమేమీ లేదు, అలవాటు పడాలి అన్నాడు డాక్టరు. అలవాటు పడటం వదిన వల్ల కాలేదు. దాచడం మొదలెట్టింది. కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని మరీ పని చేసేది. వానలు ఇలా పట్టుకున్నాయో లేదో, ఒక రోజు లాయరు గారి నల్లకోటు మీద ఇస్త్రీ పెట్టె జారింది. కోటు కాలింది, వదిన ముంజేయీ కాలింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి పెట్టె లాగేసి, షాపు నిండా జనం చూస్తుండగా అరిచాడు.

"చాలు! ఇంక నువ్వు కిందికి రావద్దు. నీకిక్కడ పనేం లేదు!"

వదిన కాలిన చేత్తోనే ఆ కోటుని మడతపెట్టి, బల్ల మీద పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. లాయరు గారు మంచాయన కాబట్టి ఊరుకున్నాడు. వదిన ఊరుకోలేదు. మర్నాడు పొద్దున నేను టీ పట్టుకెళ్తే చల్లగా చెప్పింది.

"వానలు తగ్గగానే నేను వెళ్ళిపోతానమ్మాయ్. నా స్నేహితురాలు నర్సు లేదూ, రిటైరై ఒక్కతే ఉంటోంది, ఎప్పట్నుంచో రమ్మంటోంది. ఇప్పుడైతే దారంతా బురద."

"నాలుగు రోజులుండి వస్తారా?"

"ఉండిపోతా."

కాపరానికొచ్చిన కొత్తలో వదినంటే హడలి చచ్చేదాన్ని, నిజమే. కానీ ఆ ఇంట్లో నాతో నోరారా మాట్లాడింది ఆవిడొక్కతే. మా ఆయన మంచివాడే, కాదనను. కాకపోతే మాట్లాడించాలంటే బెల్లం కొట్టిన రాయి. వెళ్ళి ఆయనకి చెప్పాను, మీ అక్క వెళ్ళిపోతానంటోంది, ఏదో ఒకటి అనండి, అని.

"వెళ్తానంటే నేనేం చెయ్యను?" అన్నాడు, చొక్కా గుండీలు పెడుతూ. తప్పు గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడని నేను చెప్పలేదు. అలాగే పొమ్మన్నాను.

మా షాపుకి పాత గిరాకీ ఒకాయన ఉన్నాడు, డ్రాయింగ్ మేష్టారు. బడి నుంచి రిటైరైనా చేతిలో కుంచె మాత్రం వదల్లేదు. ఆయన చొక్కా రంగు అంటకుండా వచ్చిన పాపాన పోలేదు. వదిన చెడామడా తిట్టేది కూడాను. "బొమ్మలు కాయితం మీద వేస్తారా, పొట్ట మీద వేస్తారా మేష్టారూ?" అంటే ఆయన పొట్ట ఊగేలా నవ్వేవాడు. ఆ వారం మామూలుగా వచ్చి, కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉండటం చూసి ఆగిపోయాడు.

"అమ్మ ఏరీ?"

మా ఆయన తల దించుకుని రసీదు రాస్తున్నట్టు నటించాడు. నేనే గొంతు తగ్గించి సంగతి చెప్పాను. మేష్టారు చొక్కా సంచిలోంచి తీసి, "ఇది ఆవిడకే చూపించాలి, పైకి రావచ్చా?" అని అడిగాడు. రావచ్చా ఏమిటి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

వదిన మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. చొక్కా జేబు కింద అరచేతంత నీలం మరక. దాన్ని చూడగానే ఆవిడ చెయ్యి ముందుకొచ్చింది. వణుకు కనపడేసరికి ఒళ్ళోకి లాగేసుకుంది.

"నా వల్ల కాదు మేష్టారూ. వేరే షాపులో ఇవ్వండి."

"ఇది చూడండి," అని మేష్టారు తన చెయ్యి చాపాడు. వదినది నయం, ఈయనది గాలికి ఊగే ఆకులా ఉంది. "దీంతోనే రోజూ బొమ్మలేస్తున్నాను."

"అదా సంగతి! చొక్కాలన్నీ అలా తగలడటానికి కారణం."

అని, తనే నవ్వింది వదిన. ఆ నవ్వు విని నా ప్రాణం లేచొచ్చింది. మేష్టారు చొక్కా మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నేను వేసిన మరకలు మీరు తీశారు. ఇప్పుడు మీరు వెయ్యండి, నేను చూస్తాను."

మర్నాడు గొడుగు కింద తడుస్తూ నీటి రంగుల పెట్టె, రెండు కుంచెలు, మందపాటి కాయితాలు తెచ్చాడు. కొండలూ, పడవలూ, సూర్యోదయాలూ వద్దన్నాడు. ఇంట్లో కదలకుండా పడి ఉండే వస్తువేదైనా ఒకటి ఎదురుగా పెట్టుకోమన్నాడు. చుట్టూ చూసి నేను స్నానాల గదిలోంచి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తెచ్చిపెట్టాను.

"కుంచెని చివర పట్టుకోండి. మణికట్టుతో గీస్తే వణుకు కాయితం మీదికొస్తుంది. భుజం కదపండి, బల్ల తుడిచినట్టు."

ముందు పెన్సిల్‌తో లేత గీత. తర్వాత నీళ్ళు. తర్వాత రంగు. మొదటి చుక్క ఎరుపు తడి కాయితం మీద పడి అంచుల వైపు పాకింది. పాకిందో లేదో వదిన చీర చెంగుతో టక్కున అద్దేసింది. కాయితం మీద రంగు లేదు, చెంగు మీద ఉంది.

"అయ్యో, అద్దకూడదమ్మా!"

"పాకుతోంది మేష్టారూ!"

"పాకాలి. పాకనివ్వండి."

మళ్ళీ చుక్క. మళ్ళీ పాకింది. మళ్ళీ చెయ్యి వెళ్ళింది. ఈసారి నేను చెంగు పట్టుకుని ఆపాను. ఆవిడ చెంగు ఆపగలిగాను గానీ ఎడమ చేతిని ఆపలేకపోయాను, బొటనవేలితో తుడిచేసింది. ఆ పూటంతా ఇదే తంతు. మేష్టారికి తలప్రాణం తోకకొచ్చింది. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద నాతో అన్నాడు, "బళ్ళో పిల్లలకి రంగు వెయ్యడం నేర్పాను గానీ, తియ్యకుండా ఉండటం ఎవరికీ నేర్పలేదమ్మా."

రోజూ వచ్చేవాడాయన. వాన హోరున కురుస్తున్నా వచ్చేవాడు. సబ్బు, తాళం, చెప్పుల జత, దారపు ఉండ, గొడుగు, బట్టల బ్రష్షు, ఒక్కొక్కటే వదిన ముందుకొచ్చి కూర్చున్నాయి. నేను ఏది వెతికినా వదిన గదిలోనే దొరికేది. "తాళం ఏదీ?" అంటే "ఇంకా నీడ పూర్తి కాలేదు, రేపు తీసుకో" అనేది. ఆ మధ్యాహ్నమంతా షాపుకి తాళం వెయ్యడానికి లేక నేను కాపలా కూర్చున్నాను.

సబ్బు రోజున ఒక గొడవ జరిగింది. రంగు సగం ఆరిన చోట కుంచెలోంచి నీటి చుక్క జారి పడింది. పడ్డ చోట పెద్ద వలయం. వదిన మొహం తెల్లబోయింది. ఆ వలయం ఎవరికైనా బొమ్మలో చిన్న పొరపాటు, ఆవిడకి మాత్రం షాపు పరువు పోవడం. కుంచె విసిరేసి, "చూశారా? నా చెయ్యి ఇంక దేనికీ పనికిరాదు" అని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. తమ్ముడు అరిచినప్పుడు కూడా ఏడవలేదు మరి. మేష్టారు ఓదార్చలేదు. అదే కాయితం మీద ఆ వలయం పక్కనే కావాలని ఇంకో చుక్క వేశాడు, దాని పక్కన ఇంకోటి. సబ్బు మీద బుడగలైపోయాయి. వదిన ముక్కు చీదుకుని దగ్గరికి జరిగింది.

"అది ఎలా వేశారు? సగం ఆరాక వెయ్యాలా?"

ఆరడం గురించి మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకుంటాం. అక్కడే ఇంకో ప్రమాదం జరిగింది. వానకి కాయితాలు చచ్చినా ఆరేవి కావు. వదినకి ఓపిక నశించి, మేష్టారు లేని పూట చూసి, ఎర్ర మగ్గు బొమ్మని పైన ఇంట్లో వాడుకునే పెట్టెతో ఇస్త్రీ చేసేసింది. లాండ్రీ బుద్ధి ఎక్కడికి పోతుంది! సగం మగ్గు ఇస్త్రీ పెట్టెకి అంటుకుంది. ఆ సంగతి నాకు చెప్పలేదు. నేను ఆ పెట్టెతోనే మా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. ఆయన వీపు మీద ఎర్రటి మరకతో రోజంతా షాపులో తిరిగాడు. లాండ్రీ ఓనరు! గిరాకీలు మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారట.

సాయంత్రం షట్టరు దించాక చొక్కా విప్పి నా ముందు పెట్టాడు. చిందులు తొక్కుతాడనుకున్నాను.

"ఎవరు చేశారిది?"

"మీ అక్క. బొమ్మని ఇస్త్రీ చేసింది."

ఆయన ఆ మరక వంక చాలాసేపు చూశాడు. "ఏం చేస్తోంది రోజంతా పైన? బాగానే తింటోందా?" అన్నాడు.

"పైకెళ్ళి మీరే అడగొచ్చుగా. పద్నాలుగు లోకాల అవతల లేదు, పై గదిలో ఉంది."

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?" అని బల్ల మీద కూర్చున్నాడు, వదిన బల్ల మీదే. "పెట్టె జారి చేతి మీద పడింది కదా. అది తియ్యకుండా కోటు వైపు చూస్తోందే! చెయ్యి కాలుతుంటే కోటు లాగుతోంది. నాకు భయమేసింది. అక్కకేమైనా అయితే... నోటికొచ్చింది అరిచేశాను."

"ఆ మాటే చెప్పండి ఆవిడకి. పరుగున వెళ్ళి చెప్పండి."

"చెప్తాలే," అన్నాడు. నాకు తెలుసు, చెప్పడు. ఇద్దరూ ఇద్దరే, మధ్యలో నా పని అడకత్తెరలో పోకచెక్క. పోనీ నేనే వదినకి చెప్దామనుకుంటే, అది నా నోటితో వింటే ఆవిడ నమ్మదు, నేను అతికించి చెప్తున్నానంటుంది. అందుకే ఊరుకున్నాను. ఊరుకోవడం నాకెంత కష్టమో నాకే తెలుసు.

వానలు కాస్త తెరిపిస్తున్న రోజుల్లో ఒక పొద్దున వదిన నన్ను పిలిచి, "కింద నుంచి ఇస్త్రీ పెట్టె తెచ్చిపెట్టు, వెయ్యాలి" అంది.

"ఏ పెట్టె?"

"అదే. నాకు వాతపెట్టింది."

మెట్ల కింద నిలబడి మా ఆయన ఆ మాట విన్నాడు. నేను దిగేలోపు బరువైన ఆ పెట్టెని తీసి, వైరు చుట్టి, అడుగున పట్టిన మడ్డి తుడిచి, తనే పైకి మోసుకెళ్ళాడు. గది గడప దగ్గర పెట్టి, దగ్గి, దిగొచ్చేశాడు. నెలల తరబడి ఒకే ఇంట్లో ఉంటూ ఆయన అక్కకి చెప్పింది ఆ దగ్గు ఒక్కటే.

వదిన దాన్ని రోజుల తరబడి వేసింది. బొమ్మ పూర్తయిన సాయంత్రం పెట్టె వెనక్కి తేవడానికి నేను వెళ్ళబోతే మా ఆయన "నేను వెళ్తాలే" అన్నాడు. నేనూ వెనకాలే వెళ్ళాను, ఆగుతానా! బొమ్మ గోడకి ఆనించి ఉంది. నల్లటి పిడి, చుట్టిన వైరు, అడుగున ఉక్కు పలక తళతళ మెరుస్తోంది. మా ఆయన వంగి దాన్ని చూశాడు.

"ఇంత మెరుపు ఎలా వచ్చింది? తెల్ల రంగు వేశావా?"

"లేదు. అక్కడ ఏమీ వెయ్యలేదు. కాయితమే అది."

"ఓహో, వెయ్యడం మర్చిపోయావా?"

నేను నెత్తి కొట్టుకున్నాను. వదిన కళ్ళెర్రజేసింది. "మర్చిపోవడానికి నాకింకా అంత వయసు రాలేదు! చెయ్యే వణుకుతోంది, బుర్ర కాదు. కావాలనే వదిలాను. పెట్టె పట్టుకుని నడు."

ఆయన నడిచాడు. కానీ షాపులోకి వెళ్ళాక ఆ పెట్టెని వెలుతురుకి తిప్పి, అడుగు పలకని అటూ ఇటూ వంచి చూసుకోవడం నేను చూశాను. రోజూ చేత్తో పట్టే వస్తువే మరి.

వానలు నిజంగానే తగ్గిపోయాయి. ఆ ఏడు నాకెందుకో ఎండ చూస్తే ఒళ్ళు మండింది. నర్సు ఫోన్ చేసింది, గదికి సున్నం వేయించానని, రైలు మధ్యాహ్నం ఎక్కితే రాత్రికల్లా చేరిపోవచ్చని. వదిన పెట్టె సర్దింది. చీరలు, మందులు, రంగుల పెట్టె. బొమ్మలు మాత్రం నా చేతికిచ్చింది, "ఇంట్లో వస్తువులు ఇంట్లోనే ఉండాలి" అంటూ. నేను వాటిని పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ప్రయాణం రోజు పొద్దున మేష్టారు వీడ్కోలు చెప్పడానికొచ్చి, పోతూ పోతూ అన్నాడు, "వస్తువులు బాగా వచ్చాయి. ఇక మనిషిని వెయ్యండి. ఎవరైనా సరే, కదలకుండా కూర్చోవాలంతే."

ఆయన మెట్లు దిగాక వదిన నా వంక చూసింది. "కూర్చుంటావా? రైలుకింకా టైముందిగా."

"అయ్యో, నాకు పొయ్యి మీద పాలున్నాయి," అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు. "మీ తమ్ముడున్నాడుగా, ఖాళీగా!"

ఖాళీగా ఎక్కడున్నాడు, షాపులో తల ఎత్తడానికి లేకుండా ఉన్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయన నా వంక చంపేసేలా చూశాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. పాలు వాటంతటవే పొంగుతాయి, నాకేం.

వదిన ముందు పెన్సిల్‌తో మొదలుపెట్టింది. భుజం నుంచి, నెమ్మదిగా. కళ్ళెత్తి తమ్ముణ్ణి చూడటం, కాయితం చూడటం. అంతసేపు ఆయన మొహంలోకి ఆవిడ సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆయనకి కదలడానికి లేదు, పని ఉందని లేచిపోవడానికి లేదు, మొహం తిప్పుకోవడానికి లేదు.

"అక్కా," అన్నాడు చివరికి.

"మాట్లాడకు. మూతి గీస్తున్నా."

స్టూలు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆ రోజు నాకు భయమేసిందే. నీ చెయ్యి కాలుతుంటే చూడలేకపోయాను. పని లేదన్నది... అది నేనన్న మాట కాదు, భయం అన్న మాట. కోటుదేముంది అక్కా, తగలెట్టు. ఎన్ని కోట్లయినా తగలెట్టు."

వదిన పెన్సిల్ ఆగింది.

"కదలొద్దన్నానా?" అంది. "చూడు, మూతి ఎలా వంకరపోయిందో."

"ఉండనీ వంకరగా."

"వంకరదే నీ మూతి. చిన్నప్పట్నుంచీ అంతే."

కుంచె తీసింది. నీళ్ళు, తర్వాత రంగు. ఆయన బుగ్గ మీదికి లేత గోధుమ రంగు పాకింది. పాకనిచ్చింది. నుదుటి మీద ఎక్కడో కొంచెం తెలుపు వదిలింది. వణుకుతున్న చేత్తోనే, ఆ వణుకుని ఎడమ చేత్తో పట్టుకోకుండా, తమ్ముడి మొహమంతా మొదటి పూత వేసింది. మా ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, కదలకూడదు కదా.

వదిన కుంచె కడిగి, వెనక్కి వాలి చూసుకుంది. తర్వాత గోడ గడియారం చూసింది. బయల్దేరాల్సిన వేళ అయిపోవచ్చింది. ఆటో అతను కిందనుంచి హారన్ కొట్టాడు కూడాను.

"ఇది ఇప్పుడప్పుడే అయ్యేది కాదు," అంది వదిన, ఎవరి మొహమూ చూడకుండా. "మొదటి పూత బాగా ఆరాలి. ఆరితే గానీ రెండోది వెయ్యకూడదు. ఇవాళ్టికి ఆరదు."

బయట ఎండ ఫెళఫెళలాడుతోంది. పొద్దున డాబా మీద ఆరేసిన దుప్పట్లు అప్పటికే ఎండి గలగలమంటున్నాయి. ఏది ఎంతసేపట్లో ఆరుతుందో మా ముగ్గురికీ తెలుసు. మా ఆయన స్టూలు మీంచి లేచి, ఎండ కాయితం మీద పడకుండా కిటికీ తలుపు మూసేశాడు.